గంట నిండకముందే

గొట్టాన్ని స్టాండులో నిలబెట్టి, పైన క్లిప్పు బిగించి, స్టాండు అడుగున ఉన్న గాలిబుడగ గీతల మధ్యకి వచ్చిందో లేదో వంగి చూసుకున్నాను. వచ్చింది. గోడగడియారం చూసి చీటీ మీద టైము వేశాను. ఇక గంటసేపు దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు, నేనైనా సరే. ఈ బల్ల మీద ఇంకేదీ తిప్పకూడదు, డ్రాయరు విసురుగా మూయకూడదు, కిటికీలోంచి ఎండ పడకూడదు. లేచి కిటికీ తెర లాగాను. బెంచీ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆవిడ అప్పుడే సంచీలోంచి ఎవరిదో నల్లకోటు తీసి ఒళ్ళో పరుచుకుంది. రక్తం తీసిన చోట దూది అదిమిపెట్టి కాసేపు చెయ్యి మడుచుకోవాలి అని చెప్పాను కదా, ఆ దూది అప్పుడే చెత్తబుట్టలో ఉంది. మోచేతి మడతలో నీలిమచ్చ లేస్తోంది. లేవనీ, నాకెందుకు.

"మడుచుకోవాలి" అన్నాను గానీ "మడుచుకో" అనలేదు. మా ఇద్దరికీ ఏళ్ళుగా అలవాటైపోయిన భాష ఇది. ఇందులో నువ్వు లేదు, మీరు లేదు, అక్కా లేదు. పని ఉంటుంది, చేసే మనిషి ఉండదు. మెట్ల మీద ఎదురుపడితే "దారి కావాలి". మోటారు వేసే వేళకి "నీళ్ళు వస్తున్నాయి", అదీ గోడకి చెబుతున్నట్టు. ఇందాక కూడా అంతే, "చెయ్యి చాపాలి", "పిడికిలి బిగించాలి", "అయిపోయింది, కూర్చోవచ్చు". ఆవిడ మాత్రం తక్కువా! "ఎంతసేపు పడుతుందో" అంది పైకప్పుకేసి చూస్తూ. "గంట" అన్నాను గొట్టంకేసి చూస్తూ.

ఆవిడ మా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. వాళ్ళు కింద, మేం పైన. ఒకటే గేటు, ఒకటే మెట్లు. చిరిగిన బట్టకి రఫ్ఫు చెయ్యడం ఆవిడ పని. వీధివీధంతా ఆవిణ్ణి సూదమ్మ అంటుంది. నేనూ పొద్దస్తమానం సూదితోనే బతుకుతాను గానీ నన్ను ఎవరూ అలా అనరు. నాకు ఈ క్లినిక్‌లో వేరే పేరుంది, గంటమ్మ. గొట్టంలో రక్తం గంటలో ఎంత దిగిందో చూసే పరీక్ష ఈఎస్ఆర్, అది గంట నిండకుండా చెప్పనని పెట్టారు. కొత్తగా వచ్చిన డాక్టర్లు ఫోన్ చేసి "సుమారుగా ఎంతుందో చెప్పండి, పేషెంటు తొందరపడుతున్నాడు" అంటారు. సుమారుగా అనేది నా దగ్గర ఉండదు. అర్ధగంటకి చూసి రెండింతలు చేస్తే సరిపోదా అని ఒకాయన వాదన కూడా పెట్టుకున్నాడు. సరిపోదు. గొట్టంలో రక్తం ఒకే వేగంతో దిగదు. మొదట్లో దిగుతోందో లేదో తెలియదు, తర్వాత గబగబా దిగుతుంది, చివర్లో అడుగున ఇరుక్కుని మళ్ళీ నిదానిస్తుంది. ఎవరి రక్తం ఏ వేళకి పరుగందుకుంటుందో పైనుంచి చూసి చెప్పలేం. అందుకే గంట.

ఇందాక చీటీ రాకముందే పైఅంతస్తు నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. "గంటమ్మగారూ, ఒకావిడ వస్తోంది, ఈఎస్ఆర్ పెట్టండి. ఫలితం వచ్చేదాకా ఆవిణ్ణి ఇంటికి పంపకండి. నేనూ ఇక్కడే ఉంటాను." ఎప్పుడూ అంత మాట అనదు, ఏమైందన్నాను. "నమిలితే దవడ లాగేస్తోందని పళ్ళ డాక్టరు దగ్గరికి పోయిందట. పళ్ళు బాగానే ఉన్నాయని ఆయన ఇటు పంపాడు. దువ్వెన పెడితే తల నొప్పి అంటోంది. కణత దగ్గర రక్తనాళం తాడులా చేతికి తగులుతోంది. అది వాచిందేమోనని నా అనుమానం. అదే అయితే కంటికి వెళ్ళే రక్తం ఆగిపోతుంది. ఒక కన్ను పోయాక రెండోది కూడా పోవచ్చు. చూపు ఎలా ఉందని అడిగితే, సూదిలో దారం ఎక్కిస్తున్నాను, ఇంకేం కావాలి అంది." ఆ మాట వినగానే ఎవరో నాకు తెలిసిపోయింది. రిసీవరు పెట్టేసి గుమ్మంలోకి వెళ్ళేసరికి, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ కనిపించింది. ఆవిడ కూడా నన్ను చూసి ఆగింది. వెనక్కి పోతుందేమో అనుకున్నాను. పోలేదు. చీటీ బల్ల మీద పెట్టి, "ఇది ఇవ్వమన్నారు" అంది బల్లకి.

గొట్టంలో ఇంకా ఏమీ లేదు. పైనుంచి కిందదాకా ఒకటే ఎరుపు. ఇలా ఉన్నప్పుడు నాకెప్పుడూ మా మాస్టారు గుర్తొస్తాడు, కోర్సులో పాఠం చెప్పినాయన. బక్కపల్చటి మనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచేవాడు. ఎర్రకణం నీటికంటే బరువు కదా, మరి రక్తం ఎందుకు వెంటనే అడుగుకి దిగిపోదు అని అడిగి, ఎవరూ చెప్పకపోతే సంతోషపడేవాడు. ఎర్రకణం ప్రతిదానికీ ఒంటినిండా మైనస్ చార్జి ఉంటుంది, మైనస్సుకీ మైనస్సుకీ పొత్తు కుదరదు, దగ్గరికొస్తే తోసేసుకుంటాయి, అనేవాడు. కిక్కిరిసిన బస్సులో అందరూ మోచేతులు బయటికి పెట్టుకుని నిలబడ్డట్టు అని, తనే మోచేతులు రెండూ చాపి గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే కాలేయం కొన్ని ప్రోటీన్లు ఎక్కువగా వదులుతుంది. అవి పొడుగాటివి. కణాల మధ్య చేరి ఆ మోచేతుల్ని ముడిచేస్తాయి. అప్పుడు ఆ కణాలు పళ్ళేలు దొంతర పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. ఒంటరి పళ్ళెం నిదానంగా దిగుతుంది, దొంతర దబ్బున దిగుతుంది. అంతేరా ఈఎస్ఆర్ అంటే, అనేవాడు. ఒకరోజు గాజుపలక మీద ఉప్పునీళ్ళలో చుక్క రక్తం కలిపి, రెండు చివర్లా రెండు తీగలు పెట్టి బ్యాటరీ తగిలించి మైక్రోస్కోపులో చూడమన్నాడు. అన్నీ ఒకే వైపు కదిలాయి. తోసుకోకుండా, తొందరపడకుండా, ప్లస్సు తీగ వైపు. ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు. నేను కళ్ళు తీయలేదు. వెనకున్నవాళ్ళు నన్ను గిల్లారు.

ఇప్పుడు పైన సన్నటి పసుపు గీత కనిపిస్తోంది. గోరు మందం. ఇంత తొందరగానా. మళ్ళీ గడియారం చూశాను. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని చూశాను. అదే.

బెంచీ మీద సూది నడుస్తోంది. ఆవిడ రఫ్ఫు చేస్తుంటే చూడాలి. బట్టలోంచే నూలుపోగు లాగుతుంది, లోపలి మడతలోంచి, ఎవరికీ కనిపించని చోటునుంచి. ఆ పోగుతోనే చిరుగు మీద నిలువు పోగులు కడుతుంది, వాటి మధ్య అడ్డం అల్లుతుంది. పూర్తయ్యాక ఇచ్చినవాళ్ళు, ఏదీ ఎక్కడ చిరిగిందీ అని వెతుక్కుంటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఉద్యోగంలో చేరిన వారంలోనే నా తెల్లకోటు మీద యాసిడ్ పడింది. బొటనవేలు పట్టేంత కన్నం. ఏడుస్తూ ఇంటికొచ్చాను. "కోటు కాలితే ఏడుస్తారటే, ఒళ్ళు కాలలేదు కదా" అని లాక్కుని రాత్రికి రాత్రి పూడ్చింది. ఆ కోటు చినిగేదాకా తొడుక్కున్నాను, ఆ కన్నం ఎక్కడుండేదో నాకే దొరికేది కాదు. అప్పట్లో వంటిల్లు ఒకటే. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పళ్ళెం మూతపెట్టి ఉండేది. అత్తగారు ఏమైనా అంటే నాకంటే ముందు ఆవిడే సమాధానం చెప్పేది.

తర్వాత ఆ స్కూటరు. మామగారు పోయాక పాత స్కూటరొకటి గోడవార పడుండేది. టైర్లు లేవు, ఇంజను తుప్పుపట్టింది, పిల్లులు ఈనేవి అందులో. బావగారు దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. మా ఆయనకి చెప్పకుండా ఇచ్చేశారు. మా ఆయన చిన్నప్పుడు దాని మీద నాన్న ముందు నిలబడి హ్యాండిలు పట్టుకుని ఊరంతా తిరిగాడట. ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ అరుచుకున్నారు. నాన్న నీకొక్కడికేనా అన్నాడు ఒకడు, చివరిదాకా చూసిందెవరో అందరికీ తెలుసు అన్నాడు ఇంకొకడు. ఎవరి మొగుడి వెనక వాళ్ళం నిలబడ్డాం ఆవిడా నేనూ, ఇంకెక్కడ నిలబడతాం. నెల తిరిగేసరికి పైన నాకు వేరే పొయ్యి వచ్చింది. రెండేళ్ళకేమో, మంగలి షాపులో పక్కపక్క కుర్చీల్లో పడ్డారు అన్నదమ్ములు. మెడకి గుడ్డలు కట్టుకుని మొహం నిండా నురగతో ఉన్న మనిషి మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటారు? నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. అప్పట్నుంచి పొద్దున్నే కలిసి నడకకి పోతున్నారు, పేపరు ఒకటే కొనుక్కుంటున్నారు. మగవాళ్ళు కలిసిపోయారు. మమ్మల్ని కలపడం ఎవరికీ గుర్తు రాలేదు. మేమూ గుర్తు చెయ్యలేదు. మొదట్లో కోపం ఉండేది, తర్వాత పంతం. ఆ తర్వాత ఏమీ లేదు, మొదటి మాట ఏమనాలో తెలియకపోవడం తప్ప. ఏళ్ళు మాట్లాడకుండా ఉండి హఠాత్తుగా "కూరేం వండావు" అంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుంది.

పసుపు ఇంకా దిగింది. గీతలు లెక్కపెట్టాను. గంటలో సగం కూడా కాలేదు, ఎనభై దాటేసింది. ఒంట్లో బాగున్నవాళ్ళకి గంటకి కూడా ముప్ఫై దాటదు. ఇంత పరుగు నేను టీబీ పేషెంట్లలో చూశాను, కీళ్ళవాతంలో చూశాను. పేషెంటుకి మనం ఏమీ చెప్పకూడదు. మొహంలో కూడా కనపడనివ్వకూడదు. ఇన్నేళ్ళలో ఎందరి గురించో ఎన్నో తెలిసి ఊరుకున్నాను, చీటీ మడిచి కవర్లో పెట్టి "డాక్టరుగారికి చూపించండి" అన్నాను. ఇప్పుడు నాకు ఎదురుగా కూర్చున్న మనిషి పోగు చివర తడిచేసి మునివేళ్ళతో మెలిపెడుతోంది. ఆ వేళ్ళకి కళ్ళు లేకపోతే ఏం చేస్తాయి? తడుముకుంటాయి. గోడ తడుముకుంటూ మెట్లు దిగుతాయి. కింద వాకిట్లో చాప వేసుకుని పొద్దంతా కుట్టే మనిషి, ఆ చాప మీద ఊరికే కూర్చుంటుంది. నేను పైనుంచి దిగుతూ "దారి కావాలి" అంటాను. ఛ, ఇలాంటి ఆలోచనలు డ్యూటీలో ఏంటి. చెయ్యాల్సింది చెయ్యి. సగం సగం ఫలితాలతో పైకి పోకూడదు. గంటమ్మ గంట నిండాకే పైకి వెళ్తుంది.

సూది ఆగింది.

ఆగడం నేను చూశాను. కుట్టు మధ్యలో ఎవరూ అలా ఆపరు. సూది బట్టలో సగం దిగి ఉంది. ఆవిడ తల ఎత్తలేదు. నెమ్మదిగా ఎడమచేత్తో ఎడమకన్ను మూసుకుంది. తీసింది. కుడికన్ను మూసుకుంది. తీసింది. మళ్ళీ ఎడమకన్ను. తర్వాత చేత్తో మొహం తుడుచుకుంది, చెమట పట్టినట్టు. కోటు మడిచింది. ఎప్పుడూ అంచుకి అంచు కలిపి మడిచే మనిషి, ఆ కోటుని సంచీలో కుక్కింది. సూది తీయకుండానే కుక్కింది. అప్పుడు భయమేసింది నాకు.

"ఇవాళే ఇవ్వాలి ఇది. రేపొచ్చి తీసుకుంటే సరిపోతుందిలే ఆ కాగితం" అంది. గోడకీ కాదు, బల్లకీ కాదు, ఎటో. లేచి తలుపు వైపు నడిచింది. తలుపుకీ ఆవిడకీ మధ్య నా బల్ల ఉంది. కుడివైపు దాని మూల ఉంది. ఆ మూల ఆవిడకి లేదు. తుంటి తగిలి బల్ల జరిగింది, స్టాండు వాలింది, నేను అందుకున్నాను. గొట్టం పగల్లేదు. కానీ పసుపూ ఎరుపూ మధ్య ఉన్న శుభ్రమైన గీత చెదిరి, ఎరుపు పొగలా పైకి లేచింది. అయిపోయింది. ఇక అది దేనికీ పనికిరాదు.

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "చెడిపోయిందా?" అంది.

"అక్కా, కూర్చో."

నోట్లోంచి అలా వచ్చేసింది. మొదటి మాట ఏమనాలా అని ఇన్నేళ్ళు అనుకున్నదానికి ఏ ముహూర్తమూ లేకుండా వచ్చేసింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. చెయ్యి చల్లగా ఉంది.

"ఏ కన్ను?" అన్నాను.

"కుడిది" అంది. "పైనుంచి తెర దిగినట్టు దిగింది. మళ్ళీ లేస్తుందిలే."

"ముందు కూడా అయిందా?"

"రెండుసార్లు. కాసేపుండి పోయింది. ఇంత ఎక్కువసేపు కాలేదు."

"డాక్టరమ్మ అడిగితే బాగుందని చెప్పావటగా!"

"బాగున్నప్పుడు అడిగింది, బాగుందన్నాను" అంది. తర్వాత గొంతు తగ్గించి, "చెప్తే సూది మానెయ్యమంటారే. అది లేకపోతే నేను పొద్దున లేచి ఏం చెయ్యను?" అంది.

గొట్టం సింకు పక్కన పెట్టాను, చేతితొడుగులు పీకి పారేశాను, లేపి నిలబెట్టి ఆవిడ చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. మెట్లెక్కుతుంటే ఆవిడ వేళ్ళు భుజంలో గుచ్చుకున్నాయి. "మెల్లగా పోవే, పరిగెత్తుతావేం" అంది. "మెల్లగా పోయే వేళ కాదు" అన్నాను. మధ్యలో మెట్టు తప్పింది, ఇద్దరం గోడకి తగిలి ఆగాం. "బాగా పట్టుకో" అన్నాను. "పట్టుకునే ఉన్నాను, నువ్వే ఒళ్ళొచ్చి ఊగుతున్నావు" అంది.

డాక్టరమ్మ ఇంకొకరిని చూస్తోంది. తలుపు కొట్టకుండా లోపలికి పోయాను. నేను అలా ఎప్పుడూ పోలేదు, ఆమె పెన్ను పట్టుకుని అలాగే చూసింది. "డాక్టరుగారూ, ఈఎస్ఆర్ చెడిపోయింది, స్టాండు కదిలింది. కాగితం మీద వేయడానికి నా దగ్గర నంబరు లేదు. కదలకముందు, అరగంట కాకుండానే ఎనభై దాటింది. ఇప్పుడు ఈవిడకి కుడికన్ను కనపడటం లేదు. ఇది మూడోసారట. మీకు చెప్పలేదు." అంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. పేషెంటు ముందే చెప్పాను. డాక్టరమ్మ లేచి, కూర్చున్న మనిషిని బయటికి పంపింది. కణత నొక్కి చూసింది, టార్చి వేసి కన్ను చూసింది, నర్సుని పిలిచి ఇంజక్షను పేరు చెప్పింది, సెలైన్లో కలిపి ఎక్కించమంది. "మరి నంబరు?" అన్నాను. "నంబరు తర్వాత చూద్దాం, కన్ను ఆగదు" అంది.

మంచం మీద పడుకోబెట్టారు. మందు చుక్కచుక్కగా దిగుతోంది. డాక్టరమ్మ ఆవిడకి అన్నీ విడమర్చి చెప్పింది. ఇక నెలల తరబడి మాత్రలు మింగాలి, మొహం ఉబ్బుతుంది, నిద్ర సరిగా పట్టదు. కణత దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాం, అది రేపో ఎల్లుండో. చూపు పోకుండా ఆపడానికే ఈ మందు, ఇప్పటికే పోయినదాన్ని తెస్తానని మాత్రం చెప్పలేను, అంది. "సూది పట్టొచ్చా?" అంది మా తోడికోడలు. "చూపు ఉంటే పట్టండి" అంది డాక్టరమ్మ.

నేను కిందికి పోయి మిగిలిన రక్తంతో ఇంకో గొట్టం నిలబెట్టి, గది తాళం వేసి, మళ్ళీ పైకి వచ్చాను. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. బావగారికి చెప్పనా అంటే, "వద్దు, వస్తే ఆయన్ని పడుకోబెట్టాల్సి వస్తుంది" అంది. నవ్వొచ్చింది ఇద్దరికీ. గంట నిండాక కిందికి పోయి చూస్తే నూటపద్దెనిమిది. వేశాను, సంతకం పెట్టాను, తెచ్చి డాక్టరమ్మ చేతికిచ్చాను. ఆమె చూసి తల ఊపింది, అనుకున్నదే అన్నట్టు.

సీసా ఖాళీ అయ్యేసరికి బయట వీధిదీపాలు వేశారు. డాక్టరమ్మ వచ్చి, "ఎడమకన్ను మూసుకోండి. ఇప్పుడు ఏమైనా తెలుస్తోందా?" అంది. ఆవిడ అరచేత్తో ఎడమకన్ను మూసుకుంది. నేను ఎదురుగా స్టూలు మీద కదలకుండా కూర్చున్నాను. కుడికన్ను అటూ ఇటూ వెతికింది, కిటికీ మీదికి పోయింది, ట్యూబులైటు మీదికి పోయింది, నా మీదికి వచ్చి ఆగింది. చాలాసేపు ఆగింది. "కింద అంచు మసగ్గా ఉంది" అంది. "పైన కనపడుతోంది."

"ఏం కనపడుతోంది?" అంది డాక్టరమ్మ.

ఆవిడ నన్నే చూస్తోంది.

"ఇదేంటే" అంది. "జుట్టు ఇంత ఎప్పుడు నెరిసింది నీకు?"